వాగు నీటితో వెలిగిన మేడ: క్రాగ్‌సైడ్ కట్టడం వెనక లెక్కలు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

విక్టోరియా రాణి కాలపు మేడలంటే ఇంగ్లండులో వందలున్నాయి. వాటి జాబితా చదువుకుంటూ పోవడం కంటే ఒక్క ఇంటిని పునాది నుంచి పొగగొట్టం దాకా విప్పి చూడటం మేలు. అందుకని ఈ సాయంత్రం క్రాగ్‌సైడ్ ఒక్కదాని గురించే మాట్లాడతాను. ఇది ఇంగ్లండు ఈశాన్య కొసన, నార్తంబర్లండ్‌లో, రోత్‌బరీ అనే చిన్న ఊరి పక్కన ఒక రాతి గుట్ట వాలులో ఉంది. తెర మీద చూడండి: ఎత్తైన పొగగొట్టాలు, కోసుగా దిగిన కప్పులు, తెల్లటి గోడల మీద నల్లటి చెక్క పట్టీలు, వెనకాల చీకటిగా దేవదారు జాతి చెట్లు. పర్యాటకుల ఫోటోల్లో కనబడేది ఇదే. దీన్ని చూసి మురిసిపోయి వచ్చేస్తే అసలు ఇల్లు చూడనట్టే. ఈ ఇంటి రూపాన్ని తేల్చింది గుట్ట, నీళ్లు, యజమాని వృత్తి. ఆర్కిటెక్టు వాటికి బట్టలు కుట్టాడు. మంచి బట్టలే, కాదనను. కానీ ఒకచోట కొలత తప్పింది, అది కూడా చెబుతాను.

ముందు యజమాని సంగతి. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1810లో న్యూకాజిల్‌లో పుట్టాడు. తండ్రి మాట మీద న్యాయవాది అయ్యాడు, ఏళ్ల తరబడి ఆ పనే చేశాడు. మనసు మాత్రం నీటి యంత్రాల మీద ఉండేది. 1846లో న్యూకాజిల్ రేవులో ఊరి కుళాయి గొట్టాల్లోని నీటి ఒత్తిడితో నడిచే క్రేను పెట్టించాడు. మరుసటి ఏడాది వకాలతు వదిలేసి, టైన్ నది ఒడ్డున ఎల్స్‌విక్‌లో కర్మాగారం తెరిచాడు. క్రిమియా యుద్ధం వచ్చాక ఫిరంగుల తయారీలోకి దిగాడు. వెనక నుంచి మందు కూరే ఫిరంగి, గొట్టం లోపల మెలి గాడులు, ఇనుప కడ్డీని చుట్టలుగా చుట్టి అతికించిన గొట్టం. ఆ పేటెంటును ప్రభుత్వానికి ఇచ్చేశాడు, 1859లో సర్ బిరుదు వచ్చింది. ఆ తర్వాత ఎల్స్‌విక్ ఫిరంగులు, యుద్ధనౌకలు జపాన్, చైనా, చిలీ, ఇటలీ దాకా వెళ్లాయి. క్రాగ్‌సైడ్ గోడల్లోని రాయి ఆ గుట్టదే, డబ్బు మాత్రం ఫిరంగులది. ఇంటి అందాన్ని పొగిడేవాళ్లు ఈ మాటను గబగబా దాటేస్తుంటారు. దాటేయకూడదు. 1880ల తర్వాత ఈ ఇంటికి వచ్చిన రాచ అతిథుల్లో కొందరు చుట్టాల్లాగా రాలేదు, కొనుగోలుదారుల్లాగా వచ్చారు.

అదే మనిషి 1863లో న్యూకాజిల్‌లో బ్రిటిష్ సైన్సు సంఘం అధ్యక్షుడి హోదాలో మాట్లాడుతూ, ఇంగ్లండు బొగ్గు నిల్వలు ఎన్నటికీ తరగనివి కావనీ, ఇదే తీరున తవ్వుకుపోతే రెండు వందల ఏళ్ల లెక్కలో పడతాయనీ హెచ్చరించాడు. బొగ్గు పట్టణం నడిబొడ్డున నిలబడి ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. క్రాగ్‌సైడ్ భూమి కొనడం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకోండి, ఇక మీదట చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది.

మొదట కట్టింది చిన్న విడిది. సెలవుల్లో వచ్చి చేపలు పట్టుకోవడానికి, వేటకు వెళ్లడానికి సరిపోయేంత ఇల్లు. 1869లో రిచర్డ్ నార్మన్ షా అనే ఆర్కిటెక్టును పిలిపించాడు. తర్వాతి రోజుల్లో లండన్ పోలీసుల న్యూ స్కాట్లండ్ యార్డ్ భవనాన్ని గీసింది ఈయనే. అతిథులంతా వేటకు వెళ్లిన ఒక్క రోజులో షా ఈ ఇంటి బొమ్మ మొత్తం గీసేశాడని ఒక కథ చెబుతారు. బొమ్మ ఒక్క రోజులో గీశాడేమో గానీ, కట్టడం పదిహేనేళ్లు సాగింది. 1870 నుంచి 1872 దాకా లైబ్రరీ, భోజనశాల, వాటి అడుగున టర్కిష్ స్నానశాల. ఆ తర్వాత దక్షిణం వైపు పొడుగాటి గ్యాలరీ, గిల్నాకీ పేరుతో ఒక బురుజు. 1883, 84ల్లో పెద్ద డ్రాయింగ్ రూము. అది కూడా వేల్స్ యువరాజు దంపతులు వస్తున్నారని, 1884 ఆగస్టుకు ముగియాలని తొందరపెట్టి పూర్తి చేసిన గది.

ఇప్పుడీ నేల నక్షా చూడండి. సాధారణంగా అప్పటి పెద్ద ఇళ్లలో భోజనశాల పక్కనే, లేదా నడవాకు అవతలి పక్క డ్రాయింగ్ రూము ఉంటుంది. భోంచేసి లేచి నాలుగు అడుగులు వేస్తే చేరుకోవాలి. ఇక్కడ భోజనశాల ఇంటికి ఒక కొసన, డ్రాయింగ్ రూము రెండో కొసన, పైగా వేరే అంతస్తులో. మెట్లెక్కి, గ్యాలరీ పొడుగునా నడిచి చేరాలి. కారణం తెలివితక్కువతనం కాదు. కింద చదునైన నేలే లేదు. గుట్ట వాలును తొలిచి వేసిన ఇరుకైన అరుగు మీద ఇల్లు నిలబడింది. ముందుకు జరిపితే లోయ, వెనక్కి జరిపితే బండ. పెంచాలంటే పక్కకు పెంచాలి, లేదా బండను పేల్చాలి. డ్రాయింగ్ రూముకు వచ్చేసరికి పేల్చారు. ఆ గది వెనక గోడ అవతల కొండే ఉంది. అందుకే దానికి పైకప్పులోంచి వెలుతురు తీసుకున్నారు. అందులోని పాలరాతి పొయ్యిగూడును షా దగ్గర ముఖ్య సహాయకుడిగా ఉన్న లెథబీ గీశాడు. దాదాపు పది టన్నుల బరువు. మామూలు మేడలో పై అంతస్తు గదిలో పది టన్నుల పొయ్యి పెడితే అడుగున దూలాలు తట్టుకోవు. ఇక్కడ దాని కింద ఉన్నది బండ, కాబట్టి చెల్లింది.

పొయ్యిగూడు అన్నాను కదా, భోజనశాలలో ఉన్నది ఇంకా బాగుంటుంది. రాతి కమాను కింద గోడలోకి వెళ్లిన చిన్న గది లాంటిది, లోపల పొయ్యికి అటూ ఇటూ కూర్చునే బల్లలు, పక్కన విలియం మోరిస్ అనే కళాకారుడి కంపెనీ చేసిన రంగుటద్దాల కిటికీలు. రాతి మీద ఉత్తరాది యాసలో ఒక మాట చెక్కారు. తూర్పుకు పోయినా పడమరకు పోయినా ఇంటిని మించింది లేదు అని దాని భావం. కుక్కలు కాళ్ల దగ్గర ఉండగా ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ మూలన కూర్చుని పేపరు చదువుతున్న చిత్రం కూడా ఉంది.

కొలత తప్పిన సంగతి చెబుతానన్నాను. షాకు పేరు తెచ్చిన శైలిని ‘పాత ఇంగ్లిషు’ అంటారు. చెక్క చట్రం, మధ్యలో సున్నపు గార, పెంకు కప్పు. అది దక్షిణాన ససెక్స్, కెంట్ ప్రాంతాల ఇంటి తీరు. అక్కడ ఓక్ కలప, మట్టి పెంకు దండిగా దొరుకుతాయి. నార్తంబర్లండ్ రాతి సీమ. ఏడాదిలో ఎక్కువ రోజులు తడిగాలి కొడుతుంది. ఇసుకరాతి గోడల మీద చెక్క చట్రపు ముఖభాగాలను కూర్చోబెట్టడం చూడటానికి బాగుంటుంది, నిలబెట్టుకోవడం కష్టం. తడికి చెక్క ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, గార అలా కదలదు. రెంటి మధ్య వెంట్రుకంత సందు పడుతుంది. గాలి ఒత్తిడికి వాన ఆ సందులోకి పోతుంది, కానీ ఆరి బయటికి రావడానికి దారి ఉండదు. చెక్క మొదట కుళ్లేది కోసిన కొసల దగ్గర, రాతి మీద ఆనిన చోట. ఆ సందులను సిమెంటుతో పూడిస్తే రోగం ముదురుతుంది, ఎందుకంటే సిమెంటు తడిని లోపలే బిగించేస్తుంది. సున్నం అయితే ఊపిరి తీసుకుంటుంది. పాత చెక్క చట్రపు ఇళ్లను ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటుతో మరమ్మతు చేసి పాడుచేసిన ఉదాహరణలు ఇంగ్లండు నిండా ఉన్నాయి.

కప్పు సంగతి కూడా అంతే. ఇన్ని కోసులు, ఇన్ని తలాలు ఉన్నాయంటే, రెండు వాలులు కలిసే ప్రతిచోటా ఒక కాలువ ఉన్నట్టు. దాంట్లో సీసపు రేకు పరుస్తారు. రేకు ముక్క మరీ పొడుగ్గా ఉంటే ఎండకు సాగి, చలికి ముడుచుకుని, కొన్నేళ్లకు మధ్యలో చీలుతుంది. చుట్టూ చెట్లు కాబట్టి ఆకులు పడి కాలువ మూసుకుపోతుంది. నీళ్లు నిండి రేకు అంచు మీదుగా లోపలికి దిగుతాయి. ఇలాంటి ఇళ్లలో గోడకు చెమ్మ కనబడితే పునాది దగ్గర వెతకడానికి ముందు ఆ గోడకు సరిగ్గా పైన ఉన్న కాలువ చూడాలి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

సరే, ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

ఇంటి కింద లోయలో డెబ్డన్ వాగు పారుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ దానికి అడ్డంగా కట్టలు వేసి చెరువులు చేశాడు. డెబ్డన్ చెరువు ఒకటి, ఇంటికి దగ్గర్లో టంబుల్టన్ చెరువు. అవి కాక, ఇంటికి పైన గుట్ట మీది చిత్తడి నేలలో నెల్లీస్ మాస్ పేరుతో రెండు. పై నుంచి చూస్తే అందం కోసం తవ్విన కొలనులనిపిస్తాయి. నిజానికి ఒక్కోదానికి ఒక్కో ఎత్తు, ఒక్కో పని. టంబుల్టన్ కట్ట కింద నీటి బలంతో నడిచే పంపు పెట్టారు. అది మంచినీటిని ఇంటికి పైన ఉన్న తొట్టిలోకి తోస్తుంది. తొట్టి నుంచి గొట్టాల్లో దిగిన నీళ్లు తాగడానికీ, స్నానానికీ పనికొచ్చేవి. ఇంట్లో యంత్రాలను తిప్పింది కూడా నీటి ఒత్తిడే.

ఏ యంత్రాలు? లిఫ్టు, వంటింట్లో మాంసం కాల్చే ఊచను తిప్పే చక్రం. లిఫ్టు ముఖ్యంగా పనివాళ్ల కోసం. ప్రతి గదిలో పొయ్యి ఉన్న ఇంట్లో రోజూ పై అంతస్తులకు చేరాల్సిన బొగ్గు ఎంతో ఊహించండి. ఆర్మ్‌స్ట్రాంగ్ యంత్రాల కిటుకు చాలా తేలిక. నీటి ఒత్తిడి పిస్టన్‌ను తోస్తుంది, కానీ పిస్టన్ ప్రయాణం పొట్టి. దాని కొసన కప్పీలు, ఎదురుగా కదలని కప్పీలు పెట్టి గొలుసును నాలుగు పేటలుగా తిప్పితే, పిస్టన్ అడుగు కదిలితే బరువు నాలుగు అడుగులు లేస్తుంది. బదులుగా పిస్టన్ నాలుగింతల బలం వేయాలి. అంత బలానికి ఒత్తిడి కావాలి, ఒత్తిడికి ఎత్తు కావాలి. సముద్రపు రేవుల్లో ఎత్తు ఉండదు. గ్రిమ్స్‌బీ రేవులో 1852లో ఒక్క తొట్టిని ఎత్తున నిలపడానికి 309 అడుగుల బురుజు కట్టారు. ఆ ఖర్చు తప్పించడానికే ఆర్మ్‌స్ట్రాంగ్ బరువుతో నీటిని అదిమే అక్యుములేటర్ తయారుచేశాడు. క్రాగ్‌సైడ్‌లో ఆ బురుజూ అక్కర్లేదు, ఆ బరువూ అక్కర్లేదు. గుట్ట ఎలాగూ ఉంది.

ఇక విద్యుత్తు. 1878లో గ్యాలరీలో ఆర్క్ దీపం పెట్టారు. చెరువు నీటితో టర్బైన్ అనే చక్రం తిరుగుతుంది, టర్బైన్‌తో కరెంటు పుట్టించే సీమెన్స్ డైనమో. ఆర్క్ దీపం అంటే రెండు కర్బన కడ్డీల మొనల మధ్య చిన్న ఎడంలో మండే నిప్పు. వీధికో, కర్మాగారానికో అది సరిపోతుంది. ఇంటికి పనికిరాదు. మొదటి కారణం, వెలుగు మరీ తీవ్రం, చిన్న చిన్న ముక్కలుగా పంచలేం. రెండోది, కడ్డీలు అరిగిపోతుంటాయి కాబట్టి ఎడం మారుతూ ఉంటుంది, దాంతో వెలుగు రెపరెపలాడుతుంది. బుసకొడుతున్న చప్పుడు, వాసన అదనం. బొమ్మలు పెట్టిన పొడుగాటి గ్యాలరీ కాబట్టి సర్దుకున్నారు. భోజనశాలలో అయితే ఎవరూ భరించలేరు.

ఆ చిక్కు విప్పిన జోసెఫ్ స్వాన్ కూడా న్యూకాజిల్‌లో పనిచేసినవాడే. గాజు బుడ్డిలో కర్బన తీగ పెట్టి వెలిగించడం ఆయన ఎన్నో ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాడు. ఎప్పుడూ ఒకటే గొడవ: కాసేపటికి గాజు నల్లబడేది, తీగ తెగేది. గాలిని పూర్తిగా తోడేశాం కదా, మరి ఎందుకు? చల్లగా ఉన్నప్పుడు తోడితే కర్బనం తన సందుల్లో వాయువును దాచుకునే ఉంటుంది. వెలిగించగానే ఆ వాయువు బయటికొచ్చి శూన్యాన్ని చెడగొడుతుంది. మందు ఏమిటంటే, తీగను వేడిగా వెలిగిస్తూనే పాదరసపు పంపుతో తోడాలి, ఆ తర్వాతే బుడ్డిని మూయాలి. 1879 ఫిబ్రవరిలో న్యూకాజిల్‌లో సభ ముందు వెలిగించి చూపించాడు. 1880 డిసెంబరు నాటికి ఆ దీపాలు క్రాగ్‌సైడ్‌కు వచ్చాయి.

ఇక్కడ మనకు ఒక అదృష్టం ఉంది. 1881 జనవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక ఇంజినీరింగ్ పత్రికకు లేఖ రాస్తూ మొత్తం కొలతలిచ్చాడు. టర్బైన్ 6 అశ్వశక్తి. ఇంటికి దూరం 1,500 గజాలు. పోవడానికి ఒక రాగి తీగ, రావడానికి ఇంకొకటి, కాబట్టి మొత్తం 3,000 గజాలు. తీగ మందం బర్మింగ్‌హామ్ గేజిలో 1వ నంబరు. మొత్తం దీపాలు 45, కానీ గది మారినప్పుడు అక్కడివి ఆర్పి ఇక్కడివి వెలిగిస్తారు కాబట్టి ఒకేసారి 37కు మించి అక్కర్లేదని రాశాడు.

ఈ అంకెలతో లెక్క కడదాం, విద్యార్థులు రాసుకోండి. 1వ నంబరు తీగ వ్యాసం 0.3 అంగుళాలు, అంటే 7.6 మిల్లీమీటర్లు. అడ్డుకోత వైశాల్యం 45 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. 3,000 గజాలంటే 2,743 మీటర్లు. రాగి నిరోధం లెక్కేస్తే సుమారు 1 ఓమ్ వస్తుంది. ఇది ఇప్పటి శుద్ధమైన రాగికి. ఆనాటి రాగికి ఇంకొంచెం ఎక్కువే ఉండి ఉంటుంది. రాగి బరువు 1,100 కిలోల పైమాటే. ఒక్క ఓమేనా అనిపిస్తుంది కదా? 30 ఆంపియర్లు లాగారనుకోండి, 30 వోల్టులు దారిలోనే పోతాయి. 900 వాట్లు లోయలో చలికాలపు గాలిని వెచ్చబెట్టడానికి ఖర్చవుతాయి. 6 అశ్వశక్తి అంటే మొత్తం 4,500 వాట్లే, డైనమో తినేది అందులోనే.

పోయిన కరెంటు ఒక నష్టం. అంతకంటే చికాకు ఇంకోటుంది. భోజనాలయ్యి అక్కడి దీపాలు ఆర్పారు. కరెంటు సగమైంది, తీగలో పోయే వోల్టేజీ కూడా సగమైంది. అంటే మిగిలిన దీపాలకు హఠాత్తుగా ఎక్కువ వోల్టేజీ అందుతుంది. కర్బన తీగ దీపం కాస్త ఎక్కువ వోల్టేజీ పడినా తెల్లగా మండి, ఆయుష్షు తగ్గించుకుంటుంది. దానికి తోడు, మోయాల్సిన భారం తగ్గిన టర్బైన్ వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే డైనమో వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఒక గదిలో ఆర్పిన మేరకు మరో గదిలో వెలిగించడం పొదుపు ఒక్కదానికే కాదు, వ్యవస్థ నిలకడగా ఉండటానికి కూడా కావాలి. ఆ 37 అంకెను నేను అలాగే చదువుతాను.

తీగను లావు చేయొచ్చు కదా? చేయొచ్చు. నష్టం సగం కావాలంటే ఇంకో 1,100 కిలోల రాగి. వోల్టేజీ రెట్టింపు చేస్తే నష్టం పావు వంతుకు పడిపోతుంది, కానీ అప్పటి దీపాలు తట్టుకోవు, ఒకే దిశలో పారే కరెంటును ట్రాన్స్‌ఫార్మర్‌తో మార్చలేం. ఈ ముడి విప్పడానికి ఆల్టర్నేటింగ్ కరెంటు, అంటే దిశ మార్చుకుంటూ పారే కరెంటు రావాలి. ఇరవై ఏళ్లు తిరిగాక మన పక్కనే ఆ పని జరిగింది: 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు, 92 మైళ్ల దూరం, వేల వోల్టుల తీగ మీద. ఆ గనుల్లో దిగిన కూలీల్లో తెలుగువాళ్లు ఎందరో. క్రాగ్‌సైడ్‌లో మైలు దాటని దూరానికే పడిన ఇబ్బంది తెలిస్తేనే ఆ 92 మైళ్ల విలువ తెలుస్తుంది.

లైబ్రరీలోని దీపాల ఏర్పాటు వేరే చెప్పాలి. అక్కడ రాగి మీద మీనా పని చేసిన నాలుగు కూజాలు ఉండేవి, అంతకుముందు వాటి మీద కిరసనాయిలు దీపాలు పెట్టేవాళ్లు. ఆర్మ్‌స్ట్రాంగ్ వాటినే విద్యుద్దీపాలుగా మార్చాడు. కూజా రాగిది కాబట్టి తిరుగు కరెంటుకు కూజా ఒళ్లే దారి. అది కింది లోహపు పీటకు తగులుతుంది, పీట నుంచి తిరుగు తీగకు. వచ్చే కరెంటు మాత్రం పీట మధ్యలో, పీటకు తగలకుండా అమర్చిన చిన్న పాదరసపు గిన్నెలోకి వస్తుంది. కూజా అడుగున రంధ్రం, అందులోంచి పై దీపం దాకా తొడుగు ఉన్న తీగ. దాని కింది కొస మాత్రం తొడుగు లేకుండా బయటికి పొడుచుకుని ఉంటుంది. కూజాను పీట మీద పెట్టగానే ఆ కొస పాదరసంలో మునుగుతుంది, దీపం వెలుగుతుంది. ఎత్తితే ఆరుతుంది. స్విచ్చు లేదు, కూజాయే స్విచ్చు. ఈ రోజు ఏ విద్యుత్తు ఇన్‌స్పెక్టరూ దీనికి అనుమతి ఇవ్వడు. చేత్తో పట్టుకునే ఒళ్లే కరెంటు దారి, పైగా ఎత్తినప్పుడల్లా పాదరసం దగ్గర నిప్పురవ్వ, ఆవిరి. పాదరసపు ఆవిరి విషం. తక్కువ వోల్టేజీ కాబట్టి షాకు ప్రమాదం మాత్రం తక్కువ.

ఇల్లు పెరిగింది, దీపాలు పెరిగాయి, 6 అశ్వశక్తి చాలలేదు. 1886లో బర్న్‌ఫుట్ అనే చోట కొత్త విద్యుత్ గృహం కట్టారు. నీళ్లు గుట్ట మీది నెల్లీస్ మాస్ చెరువుల నుంచి, 340 అడుగుల కిందికి. అంటే 104 మీటర్లు. గొట్టం అడుగున చదరపు అంగుళానికి 147 పౌండ్ల ఒత్తిడి. ఎత్తు పెరిగితే లాభం ఏమిటంటే నీళ్లు తక్కువ చాలు. 10 కిలోవాట్లు కావాలంటే, యంత్రాల సామర్థ్యం నూటికి 70 అనుకుంటే, సెకనుకు 14 లీటర్లు సరిపోతాయి. అదే 6 మీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న చోట సెకనుకు 240 లీటర్ల దాకా కావాలి.

లాభంతో పాటు ఇబ్బందులూ వస్తాయి. అంత ఒత్తిడి ఉన్న పొడుగాటి గొట్టంలో తూమును ఒక్కసారి మూస్తే, పారుతున్న నీరు ఆగలేక సుత్తి దెబ్బలా గొట్టాన్ని కొడుతుంది, అతుకులు విడిపోతాయి. మెల్లగా మూయాలి. గొట్టం మూతి దగ్గర ఆకులు ఆపే జాలీ పెట్టాలి, దాన్ని రోజూ ఊడ్చాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ బోడిగుట్ట మీద నాటించిన చెట్లు, పొదలు 70 లక్షలని చెబుతారు. అందం పెరిగింది, జాలీ దగ్గర మనిషికి పనీ పెరిగింది. చెరువు కట్టల మీద మొలిచే చెట్లు ఇంకో తంటా. ఆ కాలపు మట్టికట్టల నడుమ తొక్కిన బంకమట్టి గోడ ఉండటం ఆనవాయితీ. వేళ్లు దానిలోకి దిగి, చెట్టు చచ్చి, వేరు కుళ్లితే అదే నీటికి సొరంగం. అందుకే కట్ట మీద గడ్డి తప్ప ఏదీ పెరగనివ్వకూడదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేసవి. వానలు లేకపోతే చెరువు దిగుతుంది, దీపాలు మసకబారతాయి. 1895లో బర్న్‌ఫుట్‌కు గ్యాస్ ఇంజను తోడు తెచ్చారు. బొగ్గు తరిగిపోతుందని హెచ్చరించిన మనిషి ఇంట్లోకి బొగ్గు గ్యాసు వెనక తలుపు గుండా వచ్చింది. ఇందులో వెక్కిరించడానికి ఏమీ లేదు. నీటి మీద ఆధారపడిన ఏ విద్యుత్తుకైనా తోడు కావాలని అప్పుడే తెలిసింది, అంతే.

మిగతా చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 1887లో ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ప్రభువుల సభలో పీఠం, 1893లో భార్య మార్గరెట్ మరణం, 1900 డిసెంబరులో ఇదే ఇంట్లో ఆయన మరణం. పిల్లలు లేరు, ఆస్తి అక్క మనవడికి వెళ్లింది. 1910లో మంచి చిత్రాలు చాలా అమ్ముడుపోయాయి. 1945లో బయటి కరెంటు వచ్చింది. 1977లో ఇల్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతికి వచ్చింది. 2006లో ఇంటిని మూసేసి వైర్లన్నీ మార్చి, మరుసటి ఏడాది తెరిచారు. పాత రబ్బరు తొడుగు గట్టిపడి పెళుసుబారితే, ముట్టుకుంటే రాలిపోతుంది. ఇన్ని చెక్క పలకలున్న ఇంట్లో అది అగ్గిపుల్లతో సమానం. 2014లో టంబుల్టన్ చెరువు దగ్గర 17 మీటర్ల పొడుగున్న ఆర్కిమెడిస్ మర, అంటే దిగే నీటి బరువుతో తిరిగే పెద్ద మర పెట్టారు, 12 కిలోవాట్లు. మళ్లీ నీటి కరెంటు. 2021 నవంబరులో ఆర్వెన్ తుపాను వేల చెట్లను కూల్చింది. పలచటి మట్టి, కింద బండ, వేళ్లకు పట్టు తక్కువ.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: కరెంటు దీపాలు వెలిగిన మొట్టమొదటి ఇల్లు ఇదేనా?

ఆ మాట అలా అనకూడదు. నీటి నుంచి తీసిన విద్యుత్తుతో వెలిగిన తొలి ఇల్లు అనాలి. బుడ్డి దీపాల మాటకొస్తే గేట్స్‌హెడ్‌లోని స్వాన్ సొంతింట్లో అంతకు ముందే వెలిగాయి. తన ఇల్లు మినహాయిస్తే పద్ధతిగా దీపాలమర్చిన మొదటి ఇల్లు క్రాగ్‌సైడ్ అని స్వాన్ లెక్క.

ప్రశ్న: మా ఊరు పాడేరు వైపు. పొలం పక్కన వాగుంది. ఇలాంటిది చిన్నగా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ టర్బైన్ కొనక ముందు రెండు కొలతలు కావాలి. నీళ్లు ఎంత ఎత్తు నుంచి దిగుతాయి, సెకనుకు ఎన్ని లీటర్లు వస్తాయి. ఎత్తుకు పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి మట్టం చూసుకుంటూ దిగండి, తాపీ మేస్త్రీలు చేసే పనే. నీటికైతే వాగును ఒకచోట గొట్టంలోకి మళ్లించి, 20 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి, మూడుసార్లు చూసి సగటు తీయండి. శ్రావణంలో కొలిస్తే లెక్క మోసం చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కొలవాలి. 10 మీటర్ల ఎత్తు, సెకనుకు 10 లీటర్లు ఉంటే, చిన్న యంత్రాల సామర్థ్యం సగమే అనుకున్నా 500 వాట్ల దాకా వస్తుంది. దీపాలకు, ఫోన్లకు, చిన్న టీవీకి చాలు, మోటారుకు చాలదు. నీళ్లన్నీ గొట్టంలోకి మళ్లించేయకండి, కిందివాళ్ల పొలాలకు, చేపలకు కొంత వదలాలి. ఎక్కువ కరెంటు వచ్చినప్పుడు ఖర్చు చేయడానికి ఒక నీళ్ల హీటరు తగిలించండి, లేకపోతే మీరు టీవీ ఆపిన క్షణంలో మిగతా బల్బులు మాడిపోతాయి. యంత్రం ఇంటికి దూరంగా ఉంటే అల్యూమినియం తీగ మందం ఎంతుండాలో ముందే లెక్క కట్టించండి. చాలామంది టర్బైన్‌కు డబ్బు పెట్టి తీగ దగ్గర పిసినారితనం చేస్తారు, ఆ తర్వాత ఇంట్లో దీపం ఎర్రగా మిణుకుతోందని టర్బైన్ అమ్మినవాణ్ణి తిడతారు.